రాగి, కలుపు మందు కలిస్తే నేల సూక్ష్మజీవులకు ఏమవుతుంది: సీసా పరీక్ష

ఏళ్ల తరబడి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు) కొట్టిన తోటలో రాగి పేరుకుంటుంది. దానికి గ్లైఫోసేట్ అనే కలుపు మందు తోడైతే ఏమవుతుందో విడివిడి పరీక్షలు చెప్పలేవు. అందుకే రెండూ కలిపి, సూక్ష్మజీవులు శ్వాసలో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుద్దాం.

ఈ రెండూ తగలని మట్టిని 2 మి.మీ. జల్లెడ పట్టి, నీటి నిల్వ సామర్థ్యంలో సగం తేమతో వారం ఉంచండి. ఈ వారం తప్పనిసరి: ఎండుమట్టి తడవగానే శ్వాసక్రియ ఎగసి లెక్క తప్పుతుంది.

లీటరు సీసాల్లో 50 గ్రాముల చొప్పున వేయండి: మామూలు మట్టి, రాగి, గ్లైఫోసేట్, రెండూ. ఒక్కోటి మూడేసి, మట్టి లేనివి మూడు. సీసాకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 20 మి.గ్రా. (కిలోకు 100 మి.గ్రా. రాగి), శుద్ధ గ్లైఫోసేట్ 0.5 మి.గ్రా. నీళ్లలో కరిగించి కలపండి. మామూలు మట్టికి అంతే నీరు. దుకాణపు మందులోని సర్ఫాక్టెంట్ (మందు ఆకులకు అంటుకునేలా కలిపే సబ్బు లాంటి పదార్థం) కూడా సూక్ష్మజీవులపై పనిచేస్తుంది, అది వద్దు.

ఒక్కో సీసాలో చిన్న గిన్నెతో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 20 మి.లీ. పెట్టి (ఇది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది), గాలి చొరకుండా మూసి 25 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచండి. తర్వాత బేరియం క్లోరైడ్ (విషం, చేతితొడుగులు వాడండి), ఫినాఫ్తలీన్ వేసి 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి (గులాబీ రంగు పోయే వరకు చుక్కచుక్కగా వేసి, ఎంత పట్టిందో చూడండి). మట్టి లేని సీసాతో తేడా మి.లీ.లను 2.2తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ మి.గ్రా.ల్లో వస్తుంది.

మామూలు మట్టి శ్వాసలో రాగితో 80%, గ్లైఫోసేట్‌తో 90% మిగిలితే, రెండూ వేటికవే పనిచేస్తున్నప్పుడు కలిసి 72% (80%లో 90%) ఉండాలి. అంతకంటే స్పష్టంగా తగ్గితే ఒకదానికొకటి బలమిస్తున్నాయి. పెరిగితే గ్లైఫోసేట్ రాగిని బంధించి ఉండవచ్చు. శ్వాస పెరగడం మాత్రం ఆరోగ్యమని అనుకోవద్దు, ఒత్తిడిలోనూ పెరుగుతుంది.