అమ్మమ్మ కాలం నాటి చీర మళ్ళీ కట్టుకోవాలంటే ఏం చేయాలి?

పాత చీరలకు ఇప్పుడు మళ్ళీ రోజులొచ్చాయి. పెళ్ళిలో ఎవరైనా చీర బాగుందని మెచ్చుకుంటే "మా నానమ్మది" అని చెప్పుకోవడంలో ఉన్న దర్జా, షోరూంలో ఎంత పెట్టి కొన్నామో చెప్పుకోవడంలో లేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ ముప్ఫై నలభై ఏళ్ళు బీరువాలో ఒకే మడత మీద పడి ఉన్న పట్టుచీరను ఫంక్షన్ రోజు పొద్దున్నే బయటికి లాగి, గబగబా ఇస్త్రీ చేయించి కట్టేసుకుంటే, భోజనానికి కూర్చునేసరికి నడుము దగ్గర పర్రుమని పిగిలిపోతుంది. పాత పట్టుచీరలు కట్టి పాడయ్యేదానికంటే కట్టకుండా మడతలో మగ్గి పాడయ్యేదే ఎక్కువ. కాబట్టి ముందు మడతల సంగతి చూసుకోవాలి, జాకెట్టు ఏ రంగులో కుట్టించాలన్నది తర్వాత.

ముందు ఇంట్లో వెతకండి

ఆన్‌లైన్‌లో వెతికే ముందు అటక మీది ట్రంకుపెట్టె చూడండి. పెద్దమ్మ, మేనత్త, అమ్మమ్మ చెల్లెలు, ఎవరి దగ్గరో ఒకరి దగ్గర కట్టని చీరల కట్ట ఒకటి ఉంటుంది. "ఇస్తారా" అని అడిగితే మొహమాటాలూ లెక్కలూ మొదలవుతాయి. "అత్తయ్యా, మీ పెళ్ళి చీరలు ఒకసారి చూపిస్తారా" అని అడగండి, చీరలతో పాటు ఏ చీర ఎక్కడ కొన్నారో, ఎవరు పెట్టారో ఆ కథలు కూడా బయటికొస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పి రండి. వీధిలోకి "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వచ్చేవాళ్ళకు చాలామట్టుకు చీరతో పని లేదు, జరీలో ఉన్న వెండితోనే పని. కాల్చి వెండి తీసుకుంటారు. వెయ్యో రెండు వేలో వస్తాయి కదా అని ఇంట్లో వాళ్ళు ఇచ్చేస్తారు, అప్పటి నేత మళ్ళీ ఎంత పెట్టినా దొరకదు. స్టీలు సామాన్లకు పాత బట్టలు వేసే ఇళ్ళలో అయితే మూట కట్టే రోజు మీరు దగ్గరుండటం మంచిది, వెంకటగిరి నూలు చీరలు అలా టిఫిన్ డబ్బాలకు వెళ్ళిపోయిన ఇళ్ళు చాలానే ఉన్నాయి.

మగవాళ్ళ బట్టలను కూడా తీసిపారేయకండి. తాతగారి జరీ కండువాలు, సన్నపు పంచెలు, నాన్న టెరిలిన్ చొక్కాలు అందులోనే ఉంటాయి. టెరిలిన్ అంటే పాలిస్టరే కాబట్టి దానికి చావు లేదు, కాలరు తిప్పి కుట్టించుకుంటే ఇప్పుడు కూడా వేసుకోవచ్చు. ఎండాకాలంలో మాత్రం వద్దు.

బయట కొనాలంటే

పాత జాకెట్లు, జీన్సు లాంటివైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల ఓపికగా తవ్వితే దొరుకుతాయి. పాత చీరలు ఇప్పుడు ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో "ప్రీలవ్డ్", "వింటేజ్" అని అమ్ముడవుతున్నాయి. వింటేజ్ అన్న మాటకు అక్కడ ఏ లెక్కా లేదు, పోయినేడాది చీర కూడా వింటేజే. అందుకని అమ్మేవాళ్ళను మూడు అడగండి: చీర మొత్తం విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసిన వీడియో, టేపు పెట్టి కొలిచిన పొడవు వెడల్పులు, జరీ వెనకవైపు ఫొటో. ఈ మూడూ పంపడానికి నసిగేవాళ్ళ దగ్గర కొనకండి.

అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ లేదని కంగారు పడక్కర్లేదు. ఆ లేబుల్ వచ్చిందే 2004లో, అంతకు ముందు నేసిన చీరకు అది ఉండదు. నిజానికి 1980ల నాటి చీర అని చెప్పి దానికి సిల్క్ మార్క్ చూపిస్తే అప్పుడు అనుమానించాలి.

అసలుదో కాదో చూడటం

పోచంపల్లి లాంటి ఇక్కత్ అయితే తిరగేసి చూడండి. దారానికే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీకి వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఒక్కో బుటానూ మగ్గం మీదే చేత్తో నేసే ఉప్పాడ జమ్‌దానీలో బుటాల వెనక దారాలు వేలాడవు, ఒక బుటా నుంచి ఇంకో బుటాకు దారం లాక్కుపోయినట్టు ఉంటే అది జమ్‌దానీ కాదు. చేతిమగ్గం చీరకు నిలువు అంచుల వెంట చిన్న చిన్న సూది రంధ్రాలు వరసగా కనిపించవచ్చు. నేసేటప్పుడు వెడల్పు కుంచించుకుపోకుండా బిగించే కర్రకున్న మొనల గుర్తులవి. అవి చూసి డ్యామేజీ అని బేరమాడేవాళ్ళున్నారు, ఆడితే ఆడనివ్వండి.

పట్టేనా కాదా అన్నదానికి చెంగు చివర ఊడిన ఒక్క పోగు తీసి కాల్చండి. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. కాగితం కాలిన వాసనొస్తే నూలో, ఆర్ట్ సిల్క్ అనే కృత్రిమ పట్టో. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. నిలువు పోగు, అడ్డ పోగు రెండూ చూడాలి, ఒకటి పట్టు ఇంకోటి వేరేది ఉన్న చీరలు చాలా ఉన్నాయి.

జరీకి కూడా ఒక పోగే చాలు. గోరుతో గీకితే పైన చుట్టిన సన్నటి రేకు విడుతుంది. తెల్లగా వెండిలా మెరిసి లోపల ఎర్రటి లేదా పసుపు పట్టుదారం కనిపిస్తే మంచి జరీ, వెండి తీగను రేకులా సాగదీసి పట్టుదారం మీద చుట్టి పైన బంగారు పూత పూసినది. రాగి రంగు బయటపడితే రాగి జరీ. రేకు ప్లాస్టిక్ పొరలా ఊడొస్తే ఇక చెప్పేదేముంది. ఇంకో చిత్రమేంటంటే, అసలు వెండి జరీయే కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది, ప్లాస్టిక్ జరీ తళతళలాడుతూనే ఉంటుంది. నల్లబడిన జరీ చూసి చీర వదిలేయకండి. దాన్ని చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమే పని అసలే పెట్టుకోకండి. అవి వెండి గ్లాసుల కోసం, జరీ మీది బంగారు పూత దానికే పోతుంది, పక్కనున్న పట్టు రంగు కూడా మారుతుంది.

బలం ఎంతుందో చూడటం

తొందరపడకూడని పని ఇదే. మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి, చీరను ఒక్కో మడతా విప్పుతూ పరవండి. దులపొద్దు. ఇద్దరు పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే మడత గీతల వెంట సన్నటి వెలుగు చారలు కనిపిస్తాయి. అక్కడక్కడా ఒకటి రెండుంటే రఫూ చేయించుకోవచ్చు. మడత మడతకీ గీతలుంటే చీర చీకిపోయినట్టే. కనిపించనిచోట రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ లాగి చూడండి, పట్టు కాస్త సాగి వెనక్కి రావాలి. ఎండుటాకులా చిట్లిందంటే ఆ చీరను కట్టే ఆలోచన మానుకోండి.

బలహీనత ఎక్కడుంటుందో చీరను బట్టి మారుతుంది. గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకూ చెంగుకూ పట్టు, రెండూ కలిసే చోట పోగులు ఒకదానితో ఒకటి మెలిపడి ఉంటాయి, కాబట్టి ముందు ఆ కలయికను నిలువునా చూడాలి. బరువైన పెద్దంచు ధర్మవరం చీరల్లో జరీ ఆగి పట్టు మొదలయ్యే గీత దగ్గర పిగులుతుంది. పాత కలంకారీలో నల్లటి గీతలున్న చోటే గుడ్డ చిల్లులు పడటం చూసే ఉంటారు. ఆ నలుపును తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేస్తారు, ఆ ఇనుమే ఏళ్ళు గడిచాక నూలును తినేస్తుంది. చీరాల, పుట్టపాకల తేలియా రుమాలు ఎక్కడైనా దొరికితే నూనె వాసన వస్తుందని సర్ఫులో నానబెట్టేరు సుమా! నూలును నూనె, బూడిద నీళ్ళతో సిద్ధం చేసి నేసిన బట్ట అది, ఆ వాసన దానికి ఉండాల్సిందే.

వాసన, పురుగు, ఉతుకు

పెట్టెలోంచి తీసిన చీరకు ముక్క వాసన ఉంటే వెంటనే డ్రైక్లీనింగ్‌కు పరుగెత్తకండి. నీడలో, గాలి ఆడే చోట, వెడల్పాటి కర్ర మీద శుభ్రమైన పంచె వేసి దాని మీద చీర వేయండి. ఇనుప తీగ మీద వేస్తే తుప్పు మరక పడుతుంది, అది మళ్ళీ పోదు. రెండు మూడు రోజులు అలా గాలికి ఉంచితే సగం వాసన పోతుంది. పురుగు కనిపిస్తే జరీ లేని చీరలను ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టొచ్చు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే తేమ పడుతుంది.

నూలు చీరలు ఇంట్లోనే ఉతకవచ్చు. ముందు తడి దూదితో లోపలివైపు ప్రతి రంగునూ రుద్ది చూడండి, ముఖ్యంగా ఎరుపు, ముదురు ఆకుపచ్చ. రంగు దిగకపోతే కుంకుడుకాయ రసం కలిపిన చల్లటి నీళ్ళలో ముంచి తేల్చాలి, పిండకూడదు, బండ మీద కొట్టడం సంగతి సరేసరి. లేత రంగులకు కుంకుడు వాడితే కాస్త మసక పడుతుంది, వాటికి షాంపూ లాంటి తేలికపాటి లిక్విడ్ మేలు. పాత ఫాల్ ఉంటే ముందే విప్పేయండి, అది కుంచించుకుపోయి అంచునంతా ముడతలు పెడుతుంది.

పట్టుకు బ్లీచ్, వాషింగ్ సోడా శత్రువులు. బరువైన జరీ చీరలు, ఒంటికీ అంచుకూ వేరు వేరు రంగులున్నవి, గద్వాల లాంటి నూలు పట్టు కలిసినవి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. అది కూడా పాత చీర అని నోటితో చెప్పి, పిగిలిన చోట్లు చూపించి, మెషీన్లో తిప్పుతారా అని అడిగి మరీ ఇవ్వాలి. చీకిన పట్టు ఆ తిప్పుడుకే పోతుంది. ఒకసారి కట్టగానే క్లీనింగ్‌కు పంపడం మాత్రం దండగ, చెమట పట్టకపోతే గాలికి ఆరేస్తే చాలు.

ఇస్త్రీ లోపలివైపు, పైన పల్చటి గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద. పట్టు మీద నీళ్ళు చల్లితే చుక్కలు చుక్కలుగా మరకలు మిగులుతాయి, ఇస్త్రీ అతనికి ఇచ్చేటప్పుడు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

కట్టుకునే రోజు

సెంటూ డియోడరెంటూ చీర కట్టకముందే కొట్టుకుని ఆరనివ్వాలి. కుచ్చిళ్ళు మరీ బిగించి దోపకండి. పిన్నీసు గుచ్చితే అంచు దగ్గరే గుచ్చండి, పిన్నీసుకూ చీరకూ మధ్య చిన్న గుడ్డముక్క పెడితే బరువు ఒక్క పోగు మీద పడదు. బరువైన చెంగును భుజం మీద మడతలు పెట్టి పిన్ను చేసేకన్నా ఒంటి పొరగా వదిలేస్తే చీరకూ సుఖం, చూడ్డానికీ అందం. వడ్డాణం వద్దు. మట్టెలు, పట్టీల కొక్కేలు అంచును పట్టుకుంటాయి, ఓసారి చూసుకోండి. పొయ్యి దగ్గరికీ హోమం దగ్గరికీ వెళ్ళే పని ఉంటే ఇంకో చీర కట్టుకోవడమే నయం.

కొన్ని పాత చీరలకు వెడల్పు తక్కువ, ఇప్పటి పొడుగు అమ్మాయిలకు మడమలు కనిపిస్తాయి. దోపుకునే పై అంచుకు నాలుగంగుళాల నూలు గుడ్డ అతికించి కుట్టిస్తే లోపలికి పోతుంది, ఎవరికీ తెలియదు. తొమ్మిది గజాల చీరను మాత్రం కత్తిరించొద్దు, మిగులు గుడ్డను లోపల ఒక చుట్టు ఎక్కువ తిప్పి కట్టుకోవచ్చు. పాత జాకెట్టు బిగుతైతే లోపలి కుట్లు చూడండి, ఆ కాలం టైలర్లు గుడ్డ బాగా వదిలేవాళ్ళు.

దాచడం

ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, తేమ లోపలే ఉండిపోయి జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత నూలు పంచె లేదా మల్లుగుడ్డలో చుట్టండి, ఒక్కో చీర విడిగా. న్యూస్‌పేపర్ వద్దు. గంజి పెట్టి దాచొద్దు, గంజి కోసమే వెండిరంగు పురుగులు వస్తాయి. కలరా ఉండలు వేస్తే చీరకు తగలకుండా మూటగట్టి బీరువా మూలన వేయండి, వాటితో కర్పూరం కలపకండి, మన ఎండలకు రెండూ కలిసి కరిగి మరకలవుతాయి. ఎండిన వేపాకు గుడ్డసంచిలో వేసి పెట్టొచ్చు, కాకపోతే కొన్నాళ్ళకోసారి మార్చాలి.

ఇక అసలు పని, మడత మార్చడం. దసరాకి, సంక్రాంతికి, ఉగాదికి, శ్రావణంలో ఎలాగూ బీరువా తెరుస్తాం కదా, అప్పుడే ఒక్కో చీరా విప్పి కాసేపు గాలికి ఉంచి, పాత గీత మీద కాకుండా కొత్త చోట మడత వేయండి. పోయినసారి సగానికి మడిస్తే ఈసారి మూడు భాగాలు. మడతలో పాత మెత్తటి గుడ్డను చుట్టలా పెడితే గీత గట్టిపడదు. బరువు జరీ చీరలను హ్యాంగరుకు వేలాడదీయకూడదు. బాగా విలువైనవి ఒకటి రెండుంటే బట్టల షాపువాళ్ళు పారేసే తానుల అట్టగొట్టాలు అడిగి తెచ్చుకుని, వాటికి తెల్లటి నూలు గుడ్డ చుట్టి, జరీ మరీ బిగుసుకోకుండా వదులుగా చుట్టిపెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఉండేవాళ్ళు సిలికా జెల్ పొట్లాలు కూడా వేసుకోవాలి.

చీర పోయినా అంచు బతికుంటే

రఫూ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్తే పిగిలిన చోట వెనక పల్చటి నెట్ వేసి నిలబెడతారు, రెండు మూడు సార్లు కట్టుకోవడానికి అది చాలు. ఒళ్ళంతా చీకిపోయి అంచులు గట్టిగా ఉన్న చీరలకు ఆ అంచులు విప్పి కొత్త పట్టు మీద వేయించుకోవచ్చు, లేదా చిన్నపిల్లకు పరికిణీ కుట్టించవచ్చు. చెంగు బాగుంటే జాకెట్టు అవుతుంది, లోపల లైనింగ్ తప్పనిసరి. మంచి చీరను మాత్రం ఫ్యాషన్ అని గౌనుకో దిండు గలీబుకో కత్తిరించకండి, ఇది నా గట్టి అభిప్రాయం. కత్తిరించక తప్పని చీర నుంచి మిగిలిన ముక్కలను కూడా పారేయొద్దు, ఒక సంచిలో వేసి ఉంచండి. రేపు ఇంకో పాత చీరకు రఫూ చేయాల్సి వస్తే ఆ వెలిసిన రంగుకు సరిపోయే పోగు కొత్త దారంలో దొరకదు, ఆ ముక్కల్లోంచే లాగాలి.