దూరపు సేవా సైకిల్ యాత్రకు సాధన ఎలా చేయాలి?

ఒక మంచి పనికి విరాళాలు సేకరిస్తూ రోజుల తరబడి సైకిల్ తొక్కే యాత్రలకు పేరిచ్చేవారిలో చాలామంది క్రీడాకారులు కారు. తమవారిని ఏదో జబ్బు పీడించిందనో, తాము నమ్మిన సంస్థకు చేతనైన సాయం చేయాలనో ముందుకు వస్తారు. దూరం సంగతి ఆ తరవాత గుర్తొస్తుంది. ఎయిడ్స్ బాధితుల సేవల కోసం 2002లో మొదలై 2025లో ముగిసిన ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ యాత్ర శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా 7 రోజుల్లో 545 మైళ్లు, అంటే సుమారు 877 కిలోమీటర్లు సాగేది. క్యాన్సర్ పరిశోధన కోసం మసాచుసెట్స్‌లో 1980లో మొదలైన పాన్ మాస్ ఛాలెంజ్‌లో రెండు రోజుల దారి ఎంచుకున్నవారు దాదాపు 300 కిలోమీటర్లు తొక్కుతారు.

ఇలాంటి యాత్రకు సాధన అనగానే వంద కిలోమీటర్లు ఏకబిగిన తొక్కగలగడమే లక్ష్యమని చాలామంది అనుకుంటారు. ఒక్కరోజైతే పంటిబిగువున ఎవరైనా లాగించేస్తారు. అసలు పరీక్ష రెండో రోజు ఉదయం ఎదురవుతుంది. నిన్నటి అలసట తొడల్లో ఇంకా ఉండగా, సీటు తగిలే చోట ఒళ్లు సలుపుతుండగా, మళ్లీ సైకిలెక్కి మరో వంద కిలోమీటర్లు పోవాలి. ఈ వ్యాసంలోని ప్రతి సూచనా ఆ ఉదయాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినదే.

మొదటి అడుగు: యాత్రను తెలుసుకోండి

నిర్వాహకులు ఇచ్చే వివరాల్లో మూడింటిని ఒక కాగితం మీద రాసుకోండి: మొత్తం ఎన్ని రోజులు, అన్నిటికన్నా పొడవైన రోజు ఎన్ని కిలోమీటర్లు, ఆ రోజు మొత్తం ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి. మొత్తం దూరాన్ని చూసి బెంబేలెత్తవలసిన పని లేదు. మీ సాధనకు కొలమానం ఆ పొడవైన రోజు మాత్రమే. ఇప్పటికి అప్పుడప్పుడు సైకిల్ తొక్కే అలవాటున్నవారికి 16 వారాలు సరిపోతాయి. అసలు అలవాటే లేనివారు ఇంకో రెండు నెలలు ముందుగా మొదలుపెట్టడం మేలు. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారూ, చాలా ఏళ్లుగా వ్యాయామం చేయనివారూ మొదటి రైడ్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి.

రెండో అడుగు: సైకిల్‌ను మీ ఒంటికి అమర్చుకోండి

ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి, ఎందుకంటే నిమిషానికి 80 నుంచి 90 సార్లు మోకాలు వంగి లేస్తుంది; అయిదు గంటల రైడ్‌లో పాతిక వేల సార్లు. సీటు ఎత్తులో ఒక సెంటీమీటరు తేడా ఉన్నా అన్నిసార్లూ మోకాలే దాన్ని భరించాలి.

గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను కింది చివరకు తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు పూర్తిగా చాపుకుని ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగాన్ని, అంటే బొటనవేలి కింది గుబ్బను పెడల్ మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. మీకు కావలసినది ఆ వంపే. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. మరీ ఎత్తుగా ఉంటే మోకాలి వెనక లాగుతుంది, తొక్కుతున్నప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది; ఆ ఊపును వెనక వచ్చే మిత్రుడు ఇట్టే పట్టేస్తాడు, అడిగి చూడండి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి మీద బరువు ఎక్కువ పడుతోందని అర్థం. హ్యాండిల్‌ను కాస్త ఎత్తుకో దగ్గరకో జరపాలి, చేతులు పెట్టే చోటును తరచూ మార్చుకుంటూ ఉండాలి.

మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు తప్పనిసరి. దాని లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు, ఒరుసుకుని పుండ్లు పడేది ఆ కుట్ల వల్లనే. రైడ్ ముగియగానే ఆ నిక్కరు విప్పి స్నానం చేయడం, ఉతకనిదాన్ని మళ్లీ వేసుకోకపోవడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ మూడో రోజున యాత్రికులను కూర్చోనివ్వకుండా చేసేవి చాలావరకు ఈ పుండ్లే.

మూడో అడుగు: వారాన్ని కట్టుకోండి

వారానికి నాలుగు రైడ్‌లు చాలు. పనిదినాల్లో రెండు, ఒక్కొక్కటి గంట లోపు; సెలవురోజు ఒక పొడవైనది; దాని మర్నాడు తేలికగా ఒకటి. మిగిలిన మూడు రోజులు విశ్రాంతి. విశ్రాంతిని సోమరితనంగా చూడకండి, కండరం బలపడేది ఆ రోజుల్లోనే. విరాళాల కోసం మిత్రులకు ఉత్తరాలు రాయడం, ఫోన్లు చేయడం కూడా అప్పుడే పెట్టుకుంటే, చివరి వారాల్లో సాధనా సేకరణా ఒకదానితో ఒకటి పోటీ పడవు.

ఉదాహరణకు యాత్రలో పొడవైన రోజు 110 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి నాలుగు వారాల్లో పొడవైన రైడ్ వరసగా 30, 35, 40 కిలోమీటర్లు, నాలుగో వారం మళ్లీ 30. తరవాతి నాలుగింటిలో 45, 52, 60, ఆపైన 42. ఆ తరవాత 65, 72, 80, ఆపైన 55. ప్రతి నాలుగో వారం తగ్గించడం ఇందులో కీలకం. బాగా తొక్కుతున్నాం కదా అని ఆ వారాన్ని ఎగరగొట్టినవారికి సాధారణంగా పదో వారం దాటాక మోకాలో నడుమో మొరాయిస్తుంది. 13వ వారంలో పొడవైన రైడ్ 80, మర్నాడు 50. 14వ వారంలో 90, మర్నాడు 70. మిగిలిన రెండు వారాల సంగతి చివర్లో చెబుతాను. సాధనలో 110 ఒక్కసారైనా తొక్కలేదే అని దిగులు వద్దు. పొడవైన రోజులో ఎనభై శాతం సునాయాసంగా తొక్కి మర్నాడు కూడా సైకిలెక్కగలిగినవారికి మిగిలిన ఇరవై కిలోమీటర్లు అడ్డం కావు.

వేగం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: సగటు వేగం చూపే మీటరును మొదటి రెండు నెలలు కప్పి ఉంచండి. మాట్లాడుతూ తొక్కగలగడమే సరైన తీవ్రతకు గుర్తు. పూర్తి వాక్యం చెప్పగలుగుతుంటే సరే, రెండు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తుంటే మీరు తొందరపడుతున్నారు. పనిదినాల రెండు రైడ్‌లలో ఒకదానిలో మాత్రం, ఆయాసం వచ్చేటట్టు నాలుగైదు నిమిషాల చొప్పున నాలుగుసార్లు గట్టిగా తొక్కి, మధ్యలో అంతే సేపు నెమ్మదించండి. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కడం కన్నా తేలిక గేరులో నిమిషానికి ఎనభైకి పైగా తిప్పడం నేర్చుకుంటే తొడలు త్వరగా అలసిపోవు.

నాలుగో అడుగు: ఎక్కుడు, దిగుడు, ఎదురుగాలి

ఎక్కుడు కనిపించగానే ఊపందుకుని మీద పడటం కొత్తవారి అలవాటు. ఏటవాలు మొదలవకముందే గేరు తగ్గించి, కూర్చునే, శ్వాస లయ తప్పకుండా ఎక్కండి. పైకి చేరాక ఇంకా మాట్లాడగలుగుతుంటే సరిగా ఎక్కినట్టు. దిగేటప్పుడు మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి నొక్కి వేగం తగ్గించాలి. మలుపు తిరుగుతున్నప్పుడు బయటివైపు పెడల్ కిందికి ఉండాలి, చూపు మీరు వెళ్లదలచిన చోట ఉండాలి. మీ దగ్గర ఎత్తులే లేకపోతే ఎదురుగాలి ఆ లోటు తీరుస్తుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, గాలికి ఎదురు వెళ్తున్నప్పుడు వేగం తగ్గినందుకు నొచ్చుకోకుండా శ్రమను మాత్రం ఒకేలా ఉంచుకోండి. వీలైతే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి ఉండేటట్టు దారి ఎంచుకోండి.

అయిదో అడుగు: తిండి, నీరు కూడా సాధనలో భాగమే

కండరాల్లో నిల్వ ఉండే శక్తి గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. అది అయిపోయినప్పుడు కాళ్లు ఉన్నట్టుండి సీసంలా బరువెక్కుతాయి, తల తేలిపోతుంది, చిన్న ఎక్కుడు కూడా కొండలా కనిపిస్తుంది. ఆ తరవాత తిన్నా కోలుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఆకలి వేయకముందే తినాలి. రెండు గంటలు మించే రైడ్‌లో మొదటి ముప్పావు గంటలోపే మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అందేటట్టు కొద్దికొద్దిగా తింటూ ఉండండి. ఒక మధ్యరకం అరటిపండులో సుమారు 27 గ్రాములు ఉంటాయి. ఏది మీ కడుపుకు పడుతుందో, ఏది పడదో తెలుసుకోవలసింది ఈ రైడ్‌లలోనే.

నీరు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు, ఎండను బట్టి. చెమట బాగా పట్టే రోజున ఉప్పు కలిసిన పానీయం అవసరం. దాహం లేకున్నా లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక కలుగుతాయి.

ఆరో అడుగు: గుంపులో తొక్కడం, పంక్చర్ వేసుకోవడం

యాత్రలో వందలమంది మధ్య తొక్కాలి కాబట్టి, నెలకు రెండుసార్లయినా నలుగురితో కలిసి వెళ్లండి. ముందున్న సైకిల్ వెనకచక్రానికి మీ ముందుచక్రం పక్కగా అతుక్కుని ఉండకూడదు. ముందువారు కొద్దిగా జరిగితే చాలు, పడేది వెనకవారే. గుంతను చూపించడం, ఆగుతున్నప్పుడు చేయెత్తి కేకవేసి చెప్పడం మర్యాద మాత్రమే కాదు, వెనకవారి ప్రాణరక్షణ. హెల్మెట్ లేకుండా పక్క వీధికి కూడా వెళ్లకండి.

రెండు ట్యూబులు, టైరు మీటలు, చిన్న పంపు ప్రతి రైడ్‌లోనూ మీ వెంట ఉండాలి. ట్యూబు మార్చడం ఇంట్లో తీరికగా నాలుగుసార్లు చేసి చూడండి. కొత్తవారు మరచిపోయే మెట్టు ఒకటుంది: పాత ట్యూబు తీశాక, కొత్తది పెట్టేముందు, టైరు లోపలి వైపు చుట్టూ వేలికొసలతో మెల్లగా తడమాలి. బయటికి కనిపించని ముల్లో, సన్నని తీగముక్కో అక్కడ వేలికి తగులుతుంది. అది తీయకుండా పెట్టిన ట్యూబు అర కిలోమీటరు కూడా పోకుండా మళ్లీ పంక్చరవుతుంది. కొత్త ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి ముందే కొట్టి అమర్చండి. పూర్తిగా గాలి పట్టేముందు టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు ఎక్కడా నలిగిపోలేదని రెండువైపులా చూసుకోండి.

ఏడో అడుగు: జంట రైడ్‌లు

13, 14 వారాల్లో చెప్పిన వరస రోజుల రైడ్‌లు మొత్తం సాధనకు గుండెకాయ. యాత్రలో వేసుకోబోయే బట్టలతో, తినబోయే తిండితో, అదే వేళకు బయలుదేరండి. మొదటిరోజు తొక్కి వచ్చాక అరగంటలో ఏదైనా తిని, సైకిల్ తుడిచి, చైన్‌కు నూనె రాసి, రాత్రి పెందలాడే పడుకోండి. మర్నాడు లేచీ లేవగానే, మంచం మీదనే నిమిషం పాటు నాడి చూసుకోండి. రోజూ ఉండేదానికన్నా పది దాకా ఎక్కువ కొట్టుకుంటూ, నిద్ర కూడా సరిగా పట్టకపోతే దూరం తగ్గించండి. కండరాలు బిగుసుకోవడం మామూలే. ఒకే కీలులో సూది గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆగి, కారణం తెలుసుకునేవరకు తొక్కకండి.

చివరి రెండు వారాలు

15వ వారంలో పొడవైన రైడ్‌ను 50 కిలోమీటర్లకు తగ్గించండి. యాత్ర మొదలయ్యే 16వ వారంలో రెండుసార్లు, ఒక్కోసారి గంట లోపు, తేలికగా తొక్కండి. ఈ రోజుల్లో ఒళ్లు ఊరుకోదు, చేసింది చాలలేదని మనసు పీకుతుంది. ఇప్పుడు తొక్కే దూరం యాత్రలో బలంగా అక్కరకు రాదు, అలసటగా మాత్రం వస్తుంది. కొత్త బూట్లు, కొత్త సీటు ఈ దశలో వద్దే వద్దు. చైన్ అరుగుదల, బ్రేకు దిమ్మలు, స్పోకుల బిగువు మెకానిక్‌కు ఒకసారి చూపించండి. టైర్లు మార్చవలసివస్తే కనీసం వంద కిలోమీటర్లు తొక్కి చూసుకునే వ్యవధి ఉండేటట్టు అంతకు ముందే మార్చండి.

యాత్ర మొదటిరోజు చప్పట్ల మధ్య బయలుదేరినప్పుడు కాళ్లు వాటంతటవే పరుగెడతాయి. మొదటి గంట మీ మామూలు వేగం కన్నా నెమ్మదిగానే తొక్కండి, దాటిపోయేవారిని పోనివ్వండి. రెండో రోజు ఉదయం సీటు మీద కూర్చోగానే ఒళ్లు మొరాయిస్తుంది. అన్నిటికన్నా తేలిక గేరులో ఇరవై నిమిషాలు కాళ్లు తిప్పండి, నొప్పి క్రమంగా మొద్దుబారుతుంది. ఇరవై నిమిషాల తరవాత కూడా తగ్గకుండా పెరుగుతూ పోతుంటే తరవాతి విశ్రాంతి స్థలంలో ఆగి వైద్య బృందానికి చూపించండి.