నడి నదిలోని బండ మీదికి వెళ్లకండి

పోయిన శనివారం అట్లాంటాలో, మోర్గాన్ ఫాల్స్ డ్యామ్‌కు దిగువన మా వీధి అబ్బాయి ఒకడు చటాహూచీ నది మధ్యలోని బండ మీద చిక్కుకుపోయాడు. మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లాడు. వెనక్కి తిరిగేసరికి వచ్చిన దారి మునిగిపోయింది. సహాయక సిబ్బంది పడవలో వెళ్లి తీసుకొచ్చారు కాబట్టి బతికాడు. ఇక్కడ గాలమేసి పట్టే స్ట్రైపర్లనే పెద్ద చేపల కాలం ఇంకా ముందుంది, అందుకే రాస్తున్నాను.

ఏ గాలపు రాడ్ కొనాలి, ఫ్లై అనే తేలికపాటి ఎర ఎలా విసరాలి అన్నవి ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది ఒక్కటే. నడి నదిలోని బండ మీదికి వెళ్లకండి.

ఎందుకు వెళ్లాలనిపిస్తుందో నాకు తెలుసు. వేసవిలో దిగువన వెస్ట్ పాయింట్ జలాశయం వేడెక్కగానే స్ట్రైపర్లు చల్లటి నీళ్లు వెతుక్కుంటూ ఎదురీది వచ్చి ఈ డ్యామ్ కింద చేరతాయి. కరెంటు కోసం నీళ్లు వదిలి డ్యామ్ టర్బైన్లు తిప్పడం మొదలైతే చిన్న చేపలు ప్రవాహంలో కొట్టుకొస్తాయి, వీటికి ఆకలి లేస్తుంది. చేప ఎగబడే వేళ, నది పెరిగే వేళ ఒక్కటే. పెద్ద చేప లైన్‌ను, అంటే గాలపు దారాన్ని, లాక్కుపోతుంటే కాళ్ల దగ్గర నీళ్లు ఎంత పెరిగాయో ఎవరూ చూడరు. ఒకసారి నేనూ చూడలేదు. ఒడ్డుకు పది అడుగుల దూరంలోనే ఉన్నాను కాబట్టి బయటపడ్డాను.

2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని, వాళ్ల వెంట వెళ్లిన టూర్ నిర్వాహకుడిని లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు తీసుకుపోయాయి. వాళ్లు దిగినప్పుడు ఆ నదీ నెమ్మదిగానే ఉంది.

చటాహూచీ డ్యామ్‌ల నుంచి నీళ్లు వదిలే వేళలు ముందు రాత్రి చూడండి, బయలుదేరే ముందు మళ్లీ చూడండి. కరెంటు వాడకాన్ని బట్టి అవి మారిపోతాయి. ఎగువన బ్యూఫర్డ్ డ్యామ్ దగ్గర సైరన్ మోగుతుంది, కానీ దూరంగా ఉన్నవాళ్లకు అది వినపడదు. అక్కడ నీళ్లు జలాశయం అడుగు నుంచి వస్తాయి. నడి వేసవిలోనూ సుమారు 10 డిగ్రీలే ఉంటాయి, ఈత వచ్చినవాళ్ల చేతులూ కొద్దిసేపటికే మొద్దుబారిపోతాయి. ఆ డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా నీళ్ల మీద లైఫ్ జాకెట్ వేసుకోవాలని చట్టమే ఉంది. మీరు అన్నిచోట్లా వేసుకోండి.

వేడర్ల మీద, అంటే నీళ్లలో నిలబడటానికి వేసుకునే, తడి చొరబడని ప్యాంటు మీద, నడుము బెల్టు బిగించండి. ఒంటరిగా వెళ్లకండి. చీకటి పడ్డాక నీళ్లలో నిలబడకండి. వెనక్కి లాగిన లైన్‌ను కాళ్ల చుట్టూ వదలకండి, ప్రవాహం పెరిగితే అది తాడులా చుట్టుకుంటుంది. కత్తెర ఛాతీ మీద వేలాడాలి, సంచిలో కాదు. పిల్లల్ని నీళ్లలో దింపకండి. నడి నదిలోని బండ మీదికి వెళ్లకండి, అక్కడ ఇంకో పదిమంది నిలబడి ఉన్నా వెళ్లకండి. దిగే ముందు నీటి అంచున పొడిగా ఉన్న రాయి ఒకటి గుర్తు పెట్టుకోండి. అది తడిస్తే బయటికి రండి. గాలానికి చేప ఉన్నా సరే, లైన్ తెంపి రండి.