ఓట్ల సీజన్ మొదలవకముందే మన గ్రూపుల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఓట్ల సీజన్ ఒకటి కాదు, రెండు. 2024లో షెడ్యూల్ మార్చి 16న వచ్చింది. ఏప్రిల్ 26న ఇక్కడ బెంగళూరులో పోలింగ్, మే 13న ఆంధ్ర, తెలంగాణల్లో పోలింగ్, జూన్ 4న ఫలితాలు. దాదాపు రెండున్నర నెలలు ఫోన్ మోగుతూనే ఉంది. మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో అప్పుడు నలభై మందికి పైగా ఉన్నాం. ఊరి నుంచి వస్తూ బియ్యం మూట ఎవరు తెస్తున్నారు, పిల్లల డాక్టర్ దగ్గర్లో ఎవరున్నారు, శుక్రవారం రాత్రి కర్నూలు వైపు వెళ్ళే కారులో సీటుందా అని ఒకరినొకరు అడిగే గ్రూపు అది. ఫలితాలు వచ్చిన వారంలో పదకొండు మంది బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన రెండేళ్ళు నాతో ఒకే కారులో ఆఫీసుకు వచ్చిన మనిషి. ఆయన వెళ్ళింది నేను రాసిన ఒక్క మాట వల్ల.

అందుకే ఇది రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియనివాడితో వాదిస్తే పోయేది ఆ రాత్రి నిద్ర ఒక్కటే. తెలిసినవాళ్ళతో వాదిస్తే పొద్దున్నే లిఫ్ట్‌లో అదే మనిషి ఎదురవుతాడు. ఊళ్ళో అయితే అన్నదమ్ములు, మేనమామలు ఉంటారు. ఇక్కడ అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే మనం తట్టేది ఈ గ్రూపులో ఉన్నవాళ్ళ తలుపే.

"మీవాళ్ళు" అనే మాట

అన్నిటికన్నా ముందు ఈ మాట మానుకోండి. ఆ రాత్రి పదకొండు దాటింది. ఆయన రాజధాని గురించి ఏదో రాశాడు. నాకు ఒళ్ళు మండి, "మీవాళ్ళు ఎప్పుడూ ఇంతేనండీ" అని కొట్టాను. నేను అనుకున్నది ఆ పార్టీవాళ్ళని. ఆయనకు అర్థమైంది తన కులమని. స్క్రీన్ పైన ఆయన పేరు పక్కన టైపింగ్ అని వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, పోయింది. అలా నాలుగైదు సార్లు. ఆఖరికి వచ్చినవి రెండే మాటలు: "మావాళ్ళంటే ఎవరండీ?" ఆ క్షణంలో నేను ఫోన్ చేసి ఉండాల్సింది. చేయకుండా సంజాయిషీ టైప్ చేస్తూ కూర్చున్నాను. నేను నాలుగు లైన్లు పూర్తి చేసేలోపు ఇంకో ఇద్దరు అందుకున్నారు. మరో పది నిమిషాల్లో జిల్లాల పేర్లు వచ్చాయి, తర్వాత ఇంటిపేర్లు వచ్చాయి.

మన రాజకీయాల్లో పార్టీ, కులం, ప్రాంతం ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అందుకే "మీవాళ్ళు", "మీ ఏరియా", "మీ బ్యాచ్" అన్న మాటలు మనం పార్టీని తిడుతున్నాం అనుకుని వాడినా అవతలి మనిషి పుట్టుకకే తగులుతాయి. "మీ" తీసేసి, పార్టీ పేరో, నాయకుడి పేరో, ఆ జీవో ఏమిటో రాయండి. రాజధాని మీద వాదనే తీసుకోండి. మాట్లాడటానికి అసలు విషయం ఎంతో ఉంది. భూసమీకరణలో రైతులు ఇచ్చిన దాదాపు 33 వేల ఎకరాలు ఉన్నాయి, 2019 డిసెంబరులో వచ్చిన మూడు రాజధానుల మాట ఉంది, 2022 మార్చిలో హైకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. వీటి మీద ఎంత గట్టిగా వాదించుకున్నా ఎవరి తల్లీతండ్రీ ఆ వాదనలోకి రారు. మా గ్రూపులో ఆ రాత్రి ఈ మూడింటిలో ఒక్కదాని గురించి కూడా ఎవరూ రాయలేదు.

ఇంకొక గుర్తు ఉంది. వాదన చెడబోతోందని ముందే తెలిసేది సంబోధన దగ్గర. మొదట పేరు పక్కన "గారు" పోతుంది. తర్వాత "చూడండి" పోయి "చూడు" వస్తుంది. "నువ్వు" అని చదివారంటే అక్కడ ఆగిపోండి. ముఖ్యంగా అది మీ వేలి కింద నుంచి వస్తుంటే ఫోన్ బోర్లా పెట్టి లేవండి. వాయిస్ మెసేజ్ అస్సలు వద్దు. కోపంలో ఉన్న గొంతును ఎన్నిసార్లయినా వేసుకుని వినవచ్చు, పక్కవాళ్ళకు వినిపించవచ్చు.

పొరపాటున పంపితే వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, రెండు రోజుల్లోపు అయితే ఎవరికీ కనబడకుండా డిలీట్ చేయవచ్చు. కానీ ఆలోపు ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. నాది తీశారు. అది మా ఊళ్ళో మా బావగారి ఫోన్‌కు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం కూడా కాలేదు.

ఉన్న ఊరి గొడవల్లో

తెలుగు గ్రూపులో అన్నది తెలుగు గ్రూపులోనే ఉంటుందనుకోకండి. అదే మాట అపార్ట్‌మెంట్ మొత్తం ఉండే గ్రూపులోకి వెళ్తుంది, అక్కడ కన్నడవాళ్ళూ తమిళులూ మలయాళీలూ ఉంటారు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకు ఉద్యోగాల కోటా బిల్లు మాట వచ్చి, ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టిన ఆ రెండు మూడు రోజుల్లో నేను చూసిన మెసేజ్‌లు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడ ఉండాలన్నప్పుడూ అంతే. మనం ఈ ఊరి నీళ్ళు తాగుతున్నాం, ఈ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాం. మన పిల్లలకు కన్నడ మనకన్నా బాగా వచ్చు. బిల్లులో తప్పుంటే తప్పని చెప్పండి. భాషను మాత్రం ఒక్క మాట అనకండి.

నీళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కర్ణాటకలో కృష్ణా నది మీదున్న ఆలమట్టి డ్యాం ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకోవడానికి ఆ నది నీళ్ళ పంపకం తేల్చే బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో అనుమతినిచ్చింది. కృష్ణా ఆయకట్టు చివర పొలమున్న మనకు అది గుండెల మీద బరువు. అదే మా పై అంతస్తులో ఉండే విజయపుర ఆయనకు, సొంత జిల్లా గుండా పారే నది తన చేనుకు అందలేదన్నది చిన్నప్పటి నుంచీ ఉన్న బాధ. ఆయనా నేనూ ఒకసారి మేడ మీద గంటసేపు దీని గురించి మాట్లాడుకున్నాం. కాగితం మీద నది గీసి చూపించాడు. ఆ మాటలే ఫోన్‌లో రాసుకుని ఉంటే ఆ గంట మా ఇద్దరికీ దక్కేది కాదు.

2016 సెప్టెంబరు గుర్తున్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. కావేరి నీళ్ళు వదలాలని సుప్రీంకోర్టు చెప్పాక ఊరంతా కాగుతున్న రోజులు. కన్నడ నటుల మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఇక్కడే కొట్టి క్షమాపణ చెప్పించారు. ఆ వీడియో రెండు రాష్ట్రాల్లోనూ తిరిగింది. 12వ తేదీన నగరంలో తమిళనాడు బస్సులు తగలబడ్డాయి. గొడవకు కారణం ఆ పోస్టు ఒక్కటే అని నేననను. కానీ వాతావరణం అలా ఉన్నప్పుడు చదువుకునే కుర్రాడు సరదాకు పెట్టిన బొమ్మ కూడా అతని ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే, గదుల్లో ఉండే మేనల్లుళ్ళుంటే, ఇది కూర్చోబెట్టి చెప్పండి.

ఫార్వర్డ్ నొక్కేముందు

రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ అంటే అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. పుకార్లు ఏం చేయగలవో మన కళ్ళముందే చూశాం. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరుగుతాయని పుకార్లు వస్తే, వేలమంది మూటాముల్లె సర్దుకుని మెజెస్టిక్ దగ్గరి రైల్వే స్టేషన్‌లో గువాహటి రైళ్ళ కోసం నిలబడ్డారు. 2018 మేలో చామరాజపేటలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో, పనికోసం రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుణ్ణి కొట్టి చంపారు. అప్పట్లో ఆ పిల్లల దొంగల మెసేజ్‌లు మన గ్రూపుల్లోనూ తిరిగాయి. "ఎందుకైనా మంచిదని పంపుతున్నా" అనే మాటతోనే వచ్చేవి.

వీడియో వస్తే ఒక్క నిమిషం ఆగి, వెనకున్న బండ్ల నంబర్లు, దుకాణాల బోర్డులు చూడండి. గుంటూరులో నిన్న జరిగిందంటున్న వీడియోలో బండ్లన్నీ యూపీ నంబర్లయితే అక్కడే తేలిపోయింది. ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదైతే చాలాసార్లు బయటపడుతుంది. తప్పుడు వార్త పెట్టింది పెదనాన్నగారో, మామగారో అయితే గ్రూపులో దిద్దకండి. విడిగా ఫోన్ చేసి, క్షేమం అడిగి, ఆ తర్వాత మెల్లగా చెప్పండి. పెద్దవాళ్ళు నలుగురిలో తప్పు ఒప్పుకోరు, విడిగా అయితే వాళ్ళే తీసేస్తారు.

చట్టం సంగతి. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి ఏం రాసినా ఫర్వాలేదని కొందరు అంటారు. అది తప్పు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడానికి 196, అలజడి రేపే తప్పుడు ప్రచారానికి 353 సెక్షన్లు ఉన్నాయి. రెండింటికీ మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఓటు వేశాక వేలి మీద సిరా చుక్క ఫొటో పెట్టండి, చాలు. లోపల ఈవీఎం ఫొటో వద్దు. "ఇక్కడా వేశాం, అక్కడా వేస్తాం" అని గొప్పగా రాసేవాళ్ళున్నారు. రెండు నియోజకవర్గాల్లో పేరు నమోదై ఉండటమే చట్టం ఒప్పుకోదు. ఆ రాతను తమ చేత్తో తామే సాక్ష్యంగా పెడుతున్నారు.

అడ్మిన్లకు ఒక మాట. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. కోర్టు మాట వేరు, గ్రూపు మిగలడం వేరు. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే సెట్టింగ్ ఉంది. ఓట్ల లెక్కింపు పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది, ఏడున్నరకే అది పెట్టేయండి, రెండు రోజులు ఉంచండి. రాజకీయాలకు విడిగా ఒక గ్రూపు తెరిచి, ఇష్టమున్నవాళ్ళనే చేరమనండి. పందాలు మాత్రం ఏ గ్రూపులోనూ కాయనివ్వకండి. డబ్బు చేతులు మారాక ఆ స్నేహాన్ని ఎవరూ అతకలేరు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి నోరు జారుతుంది. అప్పుడు ఆలస్యం చేయకండి. ముందు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాలి. తర్వాత ఏ గ్రూపులో అన్నారో అదే గ్రూపులో తప్పైందని రాయాలి, "మీరు బాధపడి ఉంటే" లాంటి మాటలు కలపకుండా. నేను మూడు నెలలు ఆలస్యం చేశాను. వినాయక చవితి నాడు మా ఆవిడ కుడుములు డబ్బాలో పెట్టి ఇస్తే, తీసుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆయన తలుపు తీసి, డబ్బా వైపు, నా వైపు చూసి, "లోపలికి రండి" అన్నాడు. సాయంత్రం గ్రూపులో రాశాను: "ఆ రోజు నేనన్న మాట తప్పు. పేరు పెట్టి క్షమాపణ అడుగుతున్నాను." కింద ఆయన పేరు రాశాను. ఆయన ఆ గ్రూపులోకి తిరిగి రాలేదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మాత్రం కారు దగ్గరికి వచ్చాడు.