ఎర్రల డబ్బాలో తెల్ల పురుగులు: ఏది నల్లి, ఏది కాదు

పెంపుడు కప్పకి మేత వేద్దామని, దానికోసం పెంచే ఎర్రల (వానపాముల) డబ్బా తెరిస్తే మూత లోపలంతా ఉప్పు చల్లినట్టుంటుంది. ఆ ఉప్పు కదులుతుంటుంది కూడా. మా నెల్లూరులో ఈ గోల అక్టోబరు, నవంబరుల్లో, వాయుగుండం పట్టి వారం పాటు ఎండ మొహం చూపించనప్పుడు మొదలవుతుంది. కంగారుపడి డబ్బా పారబోయకండి. ముందు అగ్గిపుల్లతో ఒకదాన్ని ముట్టుకోండి. నల్లి అంటే ఇక్కడ మంచంలో కుట్టే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అనే సన్న పురుగు.

ఎగిరి దూకిందా? అది స్ప్రింగ్‌టెయిల్, నల్లి కాదు. సన్నగా, 1-2 మి.మీ. పొడుగుంటుంది. బూజు, కుళ్ళు తిని బతుకుతుంది. ఎర్రలకీ కప్పకీ దీనివల్ల హాని లేదు. బుల్లి కప్పపిల్లలకి మేతగా దీన్నే పనిగట్టుకుని పెంచేవాళ్ళున్నారు. వదిలెయ్యండి.

గుండ్రంగా ఉండి మెల్లగా పాకుతోందా? ఇదే నల్లి. భూతద్దం పెడితే ఎనిమిది కాళ్ళు కనిపిస్తాయి. సాలెపురుగుకి చుట్టం. చాలాసార్లు తప్పు మనదే: ఎర్రలు తినేదానికన్నా ఎక్కువ పెడతాం, మిగిలింది పులుస్తుంది, పైగా మూత బిగిస్తాం. నేనైతే ఒకసారి మిగిలిన ఇడ్లీ పిండి పోశాను. నాలుగో రోజుకి డబ్బా అంచులు తెల్లబడ్డాయి.

పులిసిన ముద్దలు ఏరెయ్యండి. వారం పాటు కొత్త మేత వద్దు. మూత తీసి పల్చటి గుడ్డ కట్టి, ఎండు కొబ్బరిపొట్టు కలపండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతే. ధార కడితే తడి ఎక్కువే. రాత్రి పైన పుచ్చకాయ తొక్కో తడిపిన బ్రెడ్ ముక్కో పెట్టండి. నల్లి దానికి మూగుతుంది. తెల్లారాక ఎత్తి మరిగే నీళ్ళలో వెయ్యండి. గుడ్లు మిగిలే ఉంటాయి కాబట్టి ఒక్క రోజుతో ఆపొద్దు.

మందు మాత్రం వద్దు. ప్రకాశం జిల్లాలో మిరప వేసేవాళ్ళ ఇళ్ళల్లో నల్లి మందు చేతికందేచోటే ఉంటుంది. మా బావమరిది “ఓ మూతెడు కొడితే సరిపోద్ది బావా” అని మందు డబ్బా పట్టుకునే వచ్చాడు. కప్ప నీళ్ళు తాగేది నోటితో కాదు, చర్మంతో. ఎర్రకి అంటిన మందు కప్ప లోపలికి నోటి నుంచీ పోతుంది, ఒంటి నుంచీ పోతుంది. చీమల సుద్ద, ఫినాయిల్‌కీ ఇదే మాట. ఉప్పు చల్లితే నల్లికన్నా ముందు ఎర్రలే చస్తాయి.

తెల్ల దారప్పోగుల్లాంటి పురుగులా? పులుపు ఎక్కువైంది. కోడిగుడ్డు పెంకుల పొడి చల్లండి. చీమలా? ఎండిపోయింది. కాస్త తడిపి, డబ్బాని నీళ్ళ పళ్ళెంలో ఎత్తుగా పెట్టండి.

మేపే ముందు ఎర్రని క్లోరిన్ లేని నీళ్ళలో కడగండి. కప్ప తినకుండా వదిలేసిన ఎర్రని అదే రోజు తీసెయ్యండి, లేకపోతే అది చచ్చి కుళ్ళి నల్లి కప్ప తొట్టిలోనే కాపురం పెడుతుంది.

కప్ప ఎర్రని నోట పట్టి ఉమ్మేస్తుంటే మాత్రం నెపం నల్లి మీద వెయ్యకండి. వర్మీకంపోస్టు వాళ్ళిచ్చే ఎరుపు రంగు చారల ఎర్రలు నలిగితే పసుపు రంగు చేదు ద్రవం వదులుతాయి. ఆఫ్రికన్ నైట్‌క్రాలర్ అనే రకం ఎర్రలు అడిగి తెచ్చుకుని, పెద్దదైతే ముక్క చేసి వెయ్యండి.