ఆరుబయట వ్యాయామం: ఎంత చలికి ఎంత దుస్తులు?

ఆరుబయట పరుగెత్తడానికో, వేగంగా నడవడానికో బయలుదేరేటప్పుడు, బయటి ఉష్ణోగ్రత ఉన్నదానికంటే 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉన్నట్లు భావించి దుస్తులు ఎంచుకోవడం మంచిది. ఎందుకంటే కండరాలు ఖర్చుచేసే శక్తిలో అధిక భాగం వేడిగానే వెలువడుతుంది. గుమ్మం దాటగానే కొద్దిగా చలివేసి, పది నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడితే ఎంపిక కుదిరినట్లే.

చలిలో అసలు చిక్కు చెమటతోనే వస్తుంది. నూలు బనియను చెమటను పీల్చుకుని, త్వరగా ఆరక ఒంటికి అంటుకుపోతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కనుక, పరుగు ఆపి నిలబడిన కాసేపటికే వీపు చల్లబడి వణుకు మొదలవుతుంది. అందువల్ల ఒంటిని తాకే పొర పాలిస్టర్‌ది గానీ మెరీనో (ఒక జాతి గొర్రెల సన్నని) ఉన్నిది గానీ అయి ఉండాలి. దానిపైన ఒక్క మందపాటి స్వెటరు కంటే, ముందు జిప్పు ఉన్న పలుచని పొరలు రెండు నయం. వేడెక్కినప్పుడు జిప్పు కిందికి లాగవచ్చు, లేదా ఒకటి విప్పి నడుముకు కట్టుకోవచ్చు. గాలి వీస్తుంటే పైపొర విండ్‌చీటర్ కావాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు ఉంటే చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ కూడా అవసరం.

ఎండలో వదులైన, లేత రంగు, పలుచని దుస్తులు చాలు. రెయిన్‌కోటు తొడుక్కుని చెమట పట్టిస్తే కొవ్వు కరుగుతుందని కొందరు నమ్ముతారు గానీ, అలా తగ్గేది ఒంట్లోని నీటి బరువు మాత్రమే. పైగా వడదెబ్బ తగిలే ప్రమాదం పెరుగుతుంది.