బ్లూబర్డ్ కెఫేకి వెళ్తుంటే జేబులో ఒక కాగితం పెట్టుకోండి

అమెరికాలో పాటలకు పేరున్న నాష్‌విల్ నగరానికి వెళ్లినప్పుడు, రోజూ పాటల కచేరీలు జరిగే బ్లూబర్డ్ కెఫే టికెట్ దొరికితే మాత్రం వదలకండి. 1982లో మొదలైన ఈ చోటు బయటి నుంచి చూస్తే షాపుల వరుసలో ఓ మామూలు కొట్టు. లోపల సీట్లు దాదాపు 90, అంతే. చాలా రోజులు అక్కడ పాటలు రాసినవాళ్లే గది మధ్యలో గుండ్రంగా కూర్చుని, వంతులవారీగా పాడుతూ ఆ పాట ఎలా పుట్టిందో చెబుతారు. అమెరికా పల్లె బాణీల నుంచి పుట్టిన కంట్రీ పాట అసలు రుచి తెలిసేది అక్కడే.

అక్కడ పాడే పాటల్లో ఇంకా రికార్డు కానివీ ఉంటాయి. కొందరు పాట పేరైనా చెప్పకుండా గిటార్ అందుకుంటారు. ఇంటికొచ్చాక ఎంత వెతికినా దొరకవు. అందుకే పల్లవిలో ఒక్క లైను, పక్కన పాడినవాళ్ల పేరు, అప్పటికప్పుడు రాసేసుకోండి. ఫోన్‌లో వద్దు. గాయకుడి మోకాలు మీ టేబుల్‌కి తగిలేంత దగ్గర, స్క్రీన్ వెలుగు నేరుగా ఆయన కళ్లలోకే వెళ్తుంది. గుసగుసలు కూడా వద్దు, పాట నడుస్తుంటే అక్కడ నిశ్శబ్దమే నియమం.

చీకట్లో వంకర టింకరగా రాసుకున్న ఒక లైను నాకు ఏడాది తర్వాత కొత్త ఆల్బమ్‌లో వినపడింది. ఆ కాగితం ఇప్పటికీ పర్సులోనే ఉంది.